మన ఇల్లు: కుమ్మరి చేతి టేబుల్ లైటు

ఇంటి అలంకరణ అనగానే అది డబ్బున్నవారి వ్యవహారమని మనలో చాలామందిమి అనుకొంటాము. దుకాణంలో పింగాణీ టేబుల్ లైటు ధర అడిగి, తీసినచోటనే పెట్టి వచ్చేస్తాము. కాని పింగాణీకైనా, కుండకైనా మూలం మట్టే గదా! పింగాణీ పరిశ్రమకు కావలసిన 'బాల్ క్లే' అనే బంకమట్టిని మన ద్వారకా తిరుమల ప్రాంతంలోనే తవ్వుతారు.

తేడా మట్టి రకంలోను, కాల్చడంలోను ఉన్నది. కుమ్మరి ఆవంలో 1000 డిగ్రీల లోపు వేడికి కాలిన కుండ నీటిని పీల్చుకొంటుంది. సుమారు 1200 డిగ్రీలకు కాల్చి నునుపు పూత వేసిన జాడీ పీల్చుకోదు. అందుకే ఆవకాయకు జాడీ కావాలి. లైటుకు నీటిని ఆపే పని లేదు గనుక ఎర్రమట్టి కూజాయే చాలును.

మీ ఊరి కుమ్మరితో మాట్లాడండి. అడుగు భాగం వెడల్పుగా, ఎత్తు తొమ్మిది అంగుళాలు ఉండేటట్లు చేయించండి. ఆరి, కాలేసరికి మట్టి ఇంచుమించు పదోవంతు కుంచించుకొనిపోతుంది. కాబట్టి బల్బు హోల్డరును ముందే ఆయనకు చూపించి, మూతిని ఆ మేరకు పెద్దది చేయమనండి. వైరుకు రంధ్రం మట్టి పచ్చిగా ఉన్నప్పుడే పెట్టించాలి. కాలిన తరువాత తొలిస్తే పగిలే ప్రమాదమున్నది. పిల్లలు తగిలినా పడిపోకుండా ఎండిన ఇసుకను చిన్న గుడ్డసంచిలో పోసి అడుగున ఉంచండి.

వైరింగు తెలిసినవారి చేతనే చేయించండి. వైరుకు మధ్యలో అతుకులు వద్దు. పాత 60 వాట్ల బల్బు బాగా వేడెక్కుతుంది. 7 నుండి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు అంత వెలుగూ ఇస్తుంది. పైన నూలు గుడ్డ గొడుగు వేసి, అంచుకు నరసాపురం లేసు కుట్టండి. 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు మన ప్రాంతపు తల్లులకు నేర్పిన ఆ పనికి 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చినది.

బిందెలు స్టీలువైనాయి, తొట్లు ప్లాస్టిక్కువైనాయి. వేసవిలో కుండలు, దీపావళికి ప్రమిదలు అమ్మిన తరువాత కుమ్మరి సారె ఊరకుంటున్నది. లైటు అయితే ఏ నెలలోనైనా చేయించుకోవచ్చును. దుకాణంలో బేరమాడని మనము ఆయన దగ్గర పది రూపాయలకు గీచి గీచి అడగడం న్యాయమేనా?

గిద్యోను మనుష్యులు దివిటీలు ఉంచినది మట్టి కుండలలోనే. ఈసారి సంఘంలో పెండ్లి జరిగినప్పుడు మరొక స్టీలు గిన్నెకు బదులు ఇటువంటి లైటు ఇచ్చి చూడండి. చేసినవారి పేరు కూడా చెప్పండి. రెండవ లైటుకు ఎవరిని అడగాలో ఆ ఇంటివారికి తెలుస్తుంది.