కొంగుముడి విప్పి చూశాకే

పాత చీరలకు స్టీలు సామానిచ్చే ఆమె వీధిలోకి వస్తే మనమేం చేస్తాం? బీరువా అడుగున పడి ఉన్న రెండు చీరలు తీసి, ఇచ్చేముందు ఒకసారి దులిపి, కొంగు చివర్లు తడిమి చూస్తాం. మగవాళ్ల ప్యాంట్లయితే జేబులన్నీ తిరగేస్తాం. ఎప్పుడో మడతపెట్టి మరిచిన నోటో, బస్సు టిక్కెట్టో దొరుకుతుంది. ఈ జాగ్రత్త మనకెవరూ నేర్పలేదు. అట్లాంటి నేను, మా ఇంట్లో ట్యాబ్‌ను తుడిపించేటప్పుడు మాత్రం జేబులు తడమడం మరిచిపోయాను.

నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి ఆ ట్యాబ్ 2020లో వచ్చింది. కరోనాతో బళ్లు మూతపడి, పాఠాలన్నీ తెరమీదికెక్కిన రోజులవి. మా చిన్నవాడి చదువుకని అప్పుచేసి మరీ కొన్నాం. పాఠాలు అయిపోయాక మధ్యాహ్నాలు అది నా చేతికొచ్చేది. ఆ యేడు బతుకమ్మకు నలుగురూ చేరి ఆడుకునే వీల్లేకపోతే, మా అత్తమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, తనకొచ్చిన పాటలన్నీ ఒక్కొక్కటే పాడారు. ఆమెది జనగామ వైపు. చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర నేర్చిన పాటలు. పుస్తకాల్లో నేనెక్కడా చూడనివి. ట్యాబ్‌లో రికార్డు మీట నొక్కి పక్కన పెట్టాను. మొత్తం పదకొండు. కుక్కరు కూతలతో సహా పడ్డాయి.

ఆమె 2022లో కాలం చేశారు.

ఈమధ్య ట్యాబ్ మరీ నెమ్మదించింది. మా ఇంట్లో పనికొచ్చే ఆమె కూతురు ఏడో తరగతికి వచ్చింది కదా, ఆ పిల్లకిస్తే చదువుకు పనికొస్తుందనుకున్నాం. "రీసెట్ కొడితే కొత్తదాని లెక్క అయితదమ్మా, అన్నీ బ్యాకప్ అయినయ్" అన్నాడు మా చిన్నవాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఫొటోలు, వీడియోలు అన్నీ గూగుల్ ఎకౌంటులో భద్రంగానే ఉన్నాయి. ఫోను నంబర్లూ ఉన్నాయి. లేనివల్లా ఆ పదకొండు పాటలే. ఎందుకంటే ఫొటోలు దాచే ఆ ఏర్పాటు ఫొటోలను, వీడియోలను మాత్రమే దాస్తుంది. రికార్డింగులు వేరే ఫోల్డరులో ఉంటాయి. డౌన్‌లోడ్ చేసుకున్న కాగితాలదీ అదే సంగతి. ఎవరో ఒకరు పనిగట్టుకుని తీస్తే తప్ప అవి ఎక్కడికీ వెళ్లవు. "అన్నీ" అన్న మాటకు వాడికి ఒక అర్థం, నాకు ఇంకొక అర్థం. నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

మర్నాడు ఆ ట్యాబ్ పట్టుకుని దుకాణాల చుట్టూ తిరిగాను. ఒకాయన చూసి, "రాదమ్మా" అని తిరిగి చేతిలో పెట్టేశాడు. ఇంకొకాయన ముందు డబ్బు కట్టమన్నాడు, వస్తుందో రాదో తరవాత చెప్తానన్నాడు. తరవాత తెలుసుకున్నాను కదా, మొదటాయనే నిజాయితీపరుడు. ఇప్పటి ట్యాబ్‌లలో మన సమాచారమంతా తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టు ఉంటుంది. రీసెట్ కొట్టగానే ఆ తాళంచెవే నాశనమైపోతుంది. పలకమీద తడిగుడ్డతో తుడిస్తే ఎక్కడో ఒక గీత కనిపిస్తుందే, అదీ ఉండదు. ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు మన బ్యాంకు వివరాలు పరాయిచేతిలో పడకుండా కాపాడేదీ ఆ పద్ధతే. కాబట్టి దాన్ని తిట్టీ లాభం లేదు. తుడిచాక ఏడవడం కాదు, తుడిచేముందు చూసుకోవాలి.

ఇక్కడ నాకు ఒక సినిమా సంగతి గుర్తొస్తుంది. పిల్లలున్న ఇళ్లలో టాయ్ స్టోరీ బొమ్మల సినిమాలు తెలియనివారుండరు. అమెరికాలో పిక్సార్ కంపెనీవాళ్లు రెండో భాగం తీస్తుండగా, 1998లో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో కంప్యూటర్లలోంచి సినిమా చాలాభాగం చెరిగిపోయింది. బ్యాకప్ ఉందిగా అని తీసి చూస్తే అదీ సరిగా పనిచేయడం లేదని అప్పుడు బయటపడింది. సినిమా దక్కింది గాలిన్ సుస్‌మన్ అనే ఆవిడ వల్ల. సాంకేతిక విభాగంలో పెద్ద హోదాలో ఉన్నావిడే. చంటిబిడ్డ తల్లి కావడంతో ఇంటినుంచి పనిచేసుకునేందుకు సినిమా నకలొకటి ఇంటి కంప్యూటర్లో పెట్టుకున్నారు. దాన్ని దుప్పట్లో చుట్టి, కారులో జాగ్రత్తగా ఆఫీసుకు తీసుకొచ్చారట. 1999లో సినిమా విడుదలైంది. (2023లో అదే కంపెనీ ఉద్యోగాలు తగ్గించినప్పుడు వెళ్లిపోవలసి వచ్చినవాళ్లలో ఆవిడా ఉన్నారు. అది వేరే సంపాదకీయం.)

మాకూ అలాగే ఒక పాట దక్కింది. వరంగల్‌లో ఉన్న మా ఆడబిడ్డకు అప్పట్లో వాట్సాప్‌లో ఒకటి పంపానట. నాకు గుర్తే లేదు. "ఉన్నది వదినా, అమ్మ గొంతు నేనెట్ల తీసేస్త?" అని వెంటనే పంపింది. పదకొండింటిలో ఒకటి. మరో ఇంట్లో ఉండబట్టి అది మిగిలింది.

ఆవకాయ పెట్టినప్పుడు పెద్ద జాడీ వాసెన కట్టి అటకమీద పెట్టి, రోజువారీకి చిన్న జాడీలో తీసుకుంటామా లేదా? తడిచెయ్యి తగిలి చిన్న జాడీ బూజుపట్టినా పెద్దది మిగులుతుంది. బ్యాకప్ అంటే ఇంతే. ఇది తెలిసినవాళ్లం ట్యాబ్ దగ్గరికి వచ్చేసరికి "అవన్నీ నాకు తెలియవమ్మా, మావారికే తెలుసు, మా అబ్బాయికే తెలుసు" అంటాం. పైగా అదేదో గొప్పలా అంటాం. ఆ మాట నేనూ అన్నాను, అందుకే రాస్తున్నాను. చెరపడం వాళ్ల పనయినా, పోయేది మన సరుకు. పాటలు, కుట్టుపనికి వచ్చిన వాళ్ల కొలతలు, చీటీపాట లెక్కలు, పాప మొదటి మాటలు. అందులో ఏమున్నాయో మనకు తప్ప ఎవరికి తెలుసు?

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. కష్టమేమీ కాదు, ఒక మధ్యాహ్నం పట్టింది. ట్యాబ్‌ను కేబులుతో కంప్యూటరుకు కలిపి, ఫొటోల ఫోల్డరుతో ఊరుకోకుండా రికార్డింగులు, డౌన్‌లోడ్లు, డాక్యుమెంట్లు అన్నీ కాపీ చేయడం. ఇంట్లో కంప్యూటరు లేకపోతే, ట్యాబ్‌కే తగిలించే పెన్‌డ్రైవులు దొరుకుతున్నాయి. కాపీ అయిందని ఊరుకోకుండా రెండు మూడు తెరిచి వినాలి, చూడాలి. పిక్సార్ వాళ్లు చేయనిది అదే. గూగుల్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఫొటోలు, మెయిళ్లు, మనం దాచే కాగితాలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. నిండితే కొత్తవి వెళ్లడం ఆగిపోతుంది, మనం వెళ్తున్నాయనే అనుకుంటూ ఉంటాం. పైగా రెండేళ్లపాటు ఎకౌంటు తెరవకపోతే దాన్ని తీసేసే హక్కు తమకుందని ఆ కంపెనీ 2023లోనే చెప్పింది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఎకౌంటు ఎవరి పేరున ఉంది? కొన్నరోజు దుకాణంలో కుర్రాడు ఏదో పేరు పెట్టి, ఏదో పాస్‌వర్డు కొట్టి ఇచ్చేసిన ఇళ్లు నాకు తెలిసినవే నాలుగున్నాయి. ఎకౌంటు తీయకుండా తుడిస్తే, తిరిగి తెరిచేటప్పుడు ట్యాబ్ ఆ పాత పాస్‌వర్డే అడగవచ్చు. దొంగలకోసం పెట్టిన తాళం అది. పాస్‌వర్డు తెలియకపోతే ఇంటివాళ్లమే దొంగలమవుతాం. అందుకని ముందు మన పేరుతో లోపలికి వెళ్లి చూసుకుని, ఇచ్చేముందు సెట్టింగుల్లో ఎకౌంటు తీసేసి, మెమరీకార్డు ఉంటే బయటకు లాగి, ఆ తరవాతే రీసెట్.

పనికొచ్చే ఆమె కూతురు ఇప్పుడా ట్యాబ్‌లో లెక్కలు చేసుకుంటోంది. ఆ ఒక్క పాటా నా ఫోనులో, పెన్‌డ్రైవులో, మా ఆడబిడ్డ దగ్గర ఉంది. నిన్న మా ఎదురింటావిడ తన ట్యాబ్ పట్టుకొచ్చారు. భర్త సైన్యంలో పనిచేసి రిటైరయ్యి, పోయిన సంవత్సరం పోయారు. ఎకౌంటు ఆయన పేరున ఉంది, పాస్‌వర్డు తెలియదు, కొడుకు మార్చేద్దామంటున్నాడట. "ఎవరినీ ముట్టుకోనివ్వకండి, ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం" అన్నాను.