పీఎంపీ: దరఖాస్తే మొదటి పరీక్ష

డాలస్ అయినా దుబాయ్ అయినా, నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట ఉద్యోగాల మాట వస్తే, కాసేపటికి పీఎంపీ పేరు రాక మానదు. కోడింగ్ నుంచి పైమెట్టు ఎక్కాలనుకునే ఐటీ ఉద్యోగి, గల్ఫ్‌లో కట్టడాల దగ్గర పదేళ్లుగా ఎండలో నిలబడుతున్న సైట్ ఇంజినీరు, పిల్లలు బడికి వెళ్లే వయసుకు వచ్చాక మళ్లీ ఉద్యోగంలోకి రావాలనుకునే తల్లి... ముగ్గురి చూపూ ఆ ధ్రువపత్రం మీదే ఉంది. ఆశ మంచిదే. అయితే దాన్ని అందుకునే దారిలో మనవాళ్లలో కొందరు వెతుకుతున్న అడ్డదారుల గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి.

అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఈ పరీక్ష నిర్వహిస్తోంది. దీనికి విలువ రావడానికి ప్రశ్నపత్రం కష్టంగా ఉండటం ఒక్కటే కారణం కాదు. పని చేసినవాళ్లే రాయాలన్న నిబంధన అంతకంటే ముఖ్యమైన కారణం. 2021 నుంచి నడుస్తున్న పద్ధతి ప్రకారం, నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి గత 8 ఏళ్లలో కనీసం 36 నెలలు ప్రాజెక్టులను నడిపించిన అనుభవం ఉండాలి. ఆ డిగ్రీ లేనివారికి 60 నెలలు. దానికి తోడు ప్రాజెక్టు నిర్వహణలో 35 గంటల శిక్షణ కావాలి. అంటే అసలు పరీక్ష కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మొదలుకాదు. దరఖాస్తులో అనుభవం రాసే గడి దగ్గరే మొదలవుతుంది.

చిక్కంతా ఆ గడి దగ్గరే వస్తోంది. ఎవరో నింపిన దరఖాస్తు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతుంది. కంపెనీ పేరు, తేదీలు మార్చి అదే పంపేవారున్నారు. డబ్బు తీసుకుని అనుభవాన్ని అల్లిపెట్టేవారూ ఉన్నారు. విచిత్రమేమిటంటే, ఇలా చేసేవారిలో చాలామందికి ఆ అవసరమే లేదు. హోదాలో ‘మేనేజర్’ అనే మాట ఉండి తీరాలని నిబంధన ఏమీ లేదు. ఒక మాడ్యూల్‌కు ముందుండి గడువు కుదిర్చినా, వెండర్లతో మాట్లాడి పని పూర్తి చేయించినా, ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ అమర్చే బృందాన్ని నడిపించినా అది లెక్కలోకి వచ్చే పనే. లక్ష్యం ఏమిటి, మీరేం చేశారు, ఫలితం ఏమైంది అని నాలుగు వాక్యాల్లో సొంతంగా రాసుకుంటే చాలు. చేసిన పనిని చెప్పుకోవడం రాక, చెయ్యని పనిని అరువు తెచ్చుకుంటున్నాం.

దరఖాస్తుల్లో కొన్నింటిని సంస్థ తనిఖీకి ఎంపిక చేస్తుంది. అప్పుడు డిగ్రీ, శిక్షణ పత్రాల నకళ్లతో పాటు, చూపిన అనుభవం నిజమేనని అప్పటి మేనేజరు లేదా ఆ పని తెలిసినవారి ధ్రువీకరణ 90 రోజుల్లోగా పంపాలి. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేసిన రోజుల నాటి మేనేజరు ఇప్పుడెక్కడున్నారో తెలియక కంగారుపడేవారు చాలామంది. దరఖాస్తు పంపకముందే ఆయనకో ఆమెకో ఫోన్ చేసి, ఏం రాస్తున్నారో చెప్పి, సరేననిపించుకోవడం మేలు. నిజం రాసినవారికి తనిఖీ అంటే నాలుగు ఫోన్ కాల్స్, కొన్ని సంతకాలు. అల్లి రాసినవారికి మాత్రం తేలు కుట్టిన దొంగ పరిస్థితే. ఈ వృత్తి నియమావళిలోని నాలుగు విలువలు బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ. వాటికి కట్టుబడతానని చెప్పే దరఖాస్తులోనే అబద్ధం రాస్తే ఆ తర్వాత వచ్చే పత్రానికి ఇంట్లో పిల్లల ముందైనా విలువ ఉంటుందా?

మన ఇళ్లలో గుర్తుపెట్టుకోవాల్సిన మరో లెక్క ఆ 8 ఏళ్ల గడువు. ఇండియాలో మంచి ఉద్యోగం చేసి, పెళ్లితో అమెరికా వచ్చి, హెచ్-4 వీసా మీద ఇంటికే పరిమితమైన అమ్మాయిలు ఎందరో. 2015 నుంచి వారిలో కొందరికి పని అనుమతి దొరుకుతోంది గానీ, అది చేతికి వచ్చేదాకా ఏళ్లు గడిచిపోతున్నాయి. ఒక్కో ఏడాది గడిచేకొద్దీ పాత అనుభవంలో ఒక్కో ఏడాది లెక్కలోంచి జారిపోతుంది. పరీక్ష రాయడానికి ఉద్యోగంలో ఉండనక్కర్లేదు. వర్క్ పర్మిట్ వచ్చాక చూద్దామని ఆగేకంటే అనుభవం లెక్కకు అందుతున్నప్పుడే దరఖాస్తు చేయడం తెలివైన పని. గడువు దాటిపోయినవారికి, అనుభవమే లేనివారికి సీఏపీఎం అనే తొలిమెట్టు ఉంది. దానికి అనుభవం అడగరు. 23 గంటల శిక్షణ ఉంటే చాలు. లేని అనుభవం చూపి పీఎంపీ రాసేకంటే, ఉన్న అర్హతతో సీఏపీఎం రాయడంలోనే గౌరవం ఉంది.

ఇక పరీక్ష సంగతి. 2021 నాటి స్వరూపంలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు 10 నిమిషాల విరామం. ప్రశ్నకు 77 సెకన్లు కూడా పూర్తిగా ఉండవు. విరామానికి లేచాక అంతకుముందు భాగానికి తిరిగి వెళ్లే వీలుండదు. ప్రశ్నల్లో సుమారు సగం ఎజైల్, హైబ్రిడ్ పద్ధతుల మీద వస్తాయి. మనుషులతో వ్యవహరించే తీరుకే 42 శాతం కేటాయించారు. ఈ వివరాలను సంస్థ అప్పుడప్పుడు మారుస్తుంటుంది కాబట్టి, రాసే రోజుకు అమల్లో ఉన్న విషయసూచికను ఎవరికి వారు చూసుకోవాలి. స్నేహితుడు మూడేళ్ల కిందట చదివిన పుస్తకంతో సరిపెట్టుకోకూడదు.

ఎంసెట్ బిట్లు సాధన చేసి పెరిగిన తరం మనది. సూత్రం పట్టుకుంటే జవాబు వస్తుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఇక్కడ ఖర్చు, షెడ్యూలు లెక్కల సూత్రాలు కొన్ని ఉన్నా, వాటితో గట్టెక్కలేం. ‘బృందంలో ఇద్దరు సభ్యులు గొడవపడుతున్నారు, పని ఆగింది. ప్రాజెక్టు మేనేజరు మొదట ఏం చేయాలి?’ వంటి ప్రశ్నలే ఎక్కువ. నాలుగు జవాబులూ సబబుగానే కనిపిస్తాయి. పైఅధికారికి చెప్పాలనే జవాబు వైపు మన చెయ్యి తనంతట తానే వెళుతుంది. ఇంట్లో పెద్దలకు, ఆఫీసులో బాసుకు అప్పగించడం మనకు అలవాటు. పరీక్ష మాత్రం ముందు వాళ్లిద్దరితో మాట్లాడి, కారణం తెలుసుకోమంటుంది. కాబట్టి ఎన్ని ప్రశ్నలు చేశామన్నది కాదు, తప్పిన ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి ఎందుకు తప్పిందో రాసుకున్నామా అన్నది ముఖ్యం.

బట్టీ పడితే గట్టెక్కిస్తామంటూ అమ్మే ‘డంప్స్’ అందుకే పనికిరావు. పైగా అవి దొంగసొత్తు. మన బదులు మరొకరు రాసే ప్రాక్సీ బేరాల గురించి చెప్పేదేముంది? ఒకరు దొరికితే ఆ ఒక్కరితో పోదు. రేపు ఇంటర్వ్యూలో మన ఇంటిపేరు, ఊరిపేరు చూడగానే ఎదుటివారి మనసులో అనుమానం మొలిస్తే, కష్టపడి చదివిన పదిమంది దానికి మూల్యం చెల్లిస్తారు. ‘వంద శాతం పాస్ గ్యారంటీ’ అనే ప్రకటన చూసి వందల డాలర్లు కట్టేముందు, ఆ గ్యారంటీ ఎలా ఇస్తున్నారని ఒక్క ప్రశ్న అడగండి.

నిజాయితీగా చదవాలంటే సమయం కావాలి. 35 గంటల తరగతి అర్హత కోసమే, సన్నద్ధత దానితో పూర్తి కాదు. రోజుకు గంటన్నర చొప్పున మూడు నెలలు కూర్చుంటే 135 గంటలవుతాయి. చాలామందికి అది చాలు. ఆ గంటన్నర ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఇంటింటి సమస్య. భర్త చదువుతుంటే ఇల్లంతా నిశ్శబ్దం పాటిస్తుంది. భార్య చదువుతుంటే వంట, పిల్లల హోంవర్క్ అయ్యాక మిగిలిన రాత్రి పదకొండు గంటలే ఆమె వాటా. ఈ తేడా పోవాలి. ఎవరు రాస్తున్నా, మూడు నెలల పాటు ఇంటి పనుల పంపకం మారాలి. ప్రాజెక్టు నిర్వహణ మొదటి పాఠం ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

మన సంఘాలు చేయగలిగిందీ ఉంది. ఉగాదికి, దీపావళికి హాలు తీసుకుని వేడుకలు చేసే మనం, నెలకు ఒక శనివారం ఉదయం ఒక గది తీసుకుని చదువుకునేవారిని ఒకచోట చేర్చలేమా? ఇప్పటికే పాసైనవారు అక్కడికి వచ్చి, కొత్తవారి దరఖాస్తులు చదివి, ‘ఈ పని నువ్వు చేశావా? అయితే ఇలా రాయి’ అని చెబితే చాలు. ఒకసారి తప్పినవారికీ అక్కడ చోటుండాలి. ఏడాదిలో మూడు ప్రయత్నాలకు అవకాశం ఉన్నప్పుడు మొదటిదాన్ని దాచుకోవాల్సిన అవమానంగా చూడనవసరం లేదు.

పీఎంపీ ఉద్యోగం తెచ్చిపెడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. రెజ్యూమెను నాలుగు చేతులు దాటించి ఇంటర్వ్యూ గదిలో కూర్చోబెట్టడం దాకానే దాని సాయం. అక్కడ ‘మీరు నడిపించిన ప్రాజెక్టు గురించి చెప్పండి’ అని అడిగినప్పుడు తడుముకోకుండా మాట్లాడించేది సొంత అనుభవమే. ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. పుస్తకం కొనేముందు ఒక తెల్లకాగితం తీసుకుని, గత ఎనిమిదేళ్లలో ముందుండి నడిపించిన పనులేమిటో మీ మాటల్లో రాసుకోండి.