మూడాటలకే తీర్పా?

టౌన్ డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఈ సీజన్‌ల ఇప్పటిదాకా మూడాటలు ఆడింది. ఒకటి గెలిచింది, రెండు ఓడింది. దానికే నిజామాబాద్ చాయ్ హోటళ్లల్ల కోర్టు మార్షల్ నడుస్తున్నది. పొద్దుగాల వాకింగ్‌కు వచ్చే ఎంప్లాయీసు, పొద్దుమీకి కోర్టు గోడ మీద కూసునే పాత ఆటగాళ్లు, హాస్టల్ పిలగాండ్లు, అందరు జడ్జిలే. 'ఈ జట్టుతోటి కాదు' అని ఇప్పుడే ఫైలు మూసేసిండ్రు. మేం గూడ ఆ గోడ మీద కూసునేటోళ్లమే. మూడాటలు మొదటి విజిల్ నుంచి ఆఖరి విజిల్ దాక చూసినం. అందుకే ఈ నాలుగు మాటలు.

కాలేజీ పేరు రాస్తలేం. రాస్తే పంచాయితి ఆ ఒక్క కాలేజీది అయితది. మేం చెప్పేది జిల్లాల ఏ కాలేజీ కోర్టు కాడ నిలవడ్డా కనవడేదే.

జనం పెడుతున్న నేరాలు మూడు. దూరం నుంచి గుడ్డిగ కొడుతున్నరు. ఆఖరి క్వార్టర్‌ల దమ్ము పోతున్నది. బంతి నడిపించే గార్డ్ పనికి రాడు, వాణ్ని తీసేయాలె. ఒక్కొక్కటి చూద్దం.

దూరపు షాట్ల సంగతి. 2010 అక్టోబర్‌ల అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య మూడు పాయింట్ల గీతను 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకు జరిపింది. మన పిలగాండ్లు పొద్దుమాపు ఆడే సిమెంటు కోర్టు మీద ఇప్పటికి పాత గీతనే ఉన్నది. రంగు మాసినప్పుడల్ల దాని మీదనే మళ్ల రంగు పూసిండ్రు తప్ప కొత్త గీత గీసినోడు లేడు. అనుమానమొచ్చి మేమే టేపు పట్టి కొలిచినం. రింగు నడిమికి సరిగ్గ కింద నుంచి గీత దాక 6.25. అంటే మన షూటర్ ఏడాది పొడుగున అర మీటరు దగ్గర నుంచి చెయ్యి సాఫు చేసుకుంటున్నడు. బయటి కోర్టుకు పోయి అలవాటు పడ్డ బలంతోనే కొడుతున్నడు. బంతి ఏమైతది? రింగు ముందటి అంచుకు తాకి కింద పడుతది. ఆటలు చూసినోళ్లు యాద్ చేసుకోండ్రి. తప్పిపోయిన బంతులల్ల ఎక్కువ పొట్టిగ పోయినయా, పొడుగు పోయినయా? పక్కలకు పోయినయ్ చాన తక్కువ. గురి ఉన్నది, కొలత తప్పింది. గిది పిలగాని గుడ్డితనం గాదు, కోర్టు గుడ్డితనం.

ఇగ ఆఖరి క్వార్టర్. దమ్ము లేదన్న మాట మేం ఒప్పుకోం. పొలం పని చేసి, రెండు బస్సులు మారి వచ్చే పిలగానికి దమ్ము లేదనేటోడు ఒకసారి చెరకు కొట్టి చూడాలె. దమ్ము గాదు, గడియారం. ఈ ఆటల బంతి చేతికి వచ్చినంక 24 సెకన్ల లోపల రింగు మీదికి కొట్టాలె, 8 సెకన్లల్ల సగం కోర్టు దాటియ్యాలె. మన ప్రాక్టీస్ కోర్టు కాడ ఆ గడియారమే లేదు. దోస్తొకడు నోటితోని లెక్కపెడుతడు, ముచ్చట్లల్ల పడి నడుమ మరిచిపోతడు. బయట ఎర్ర అంకెలు కిందికి దిగుతుంటే మనోళ్లకు కాళ్లు తడబడుతున్నయ్. మూడు క్వార్టర్లు ఎట్లనో గడుస్తది, స్కోరు దగ్గర దగ్గర ఉన్న ఆఖరి 10 నిమిషాలల్ల భయం బయటపడుతది. రెండో ఆటల వరుసగ మూడుసార్లు బంతి చేతుల ఉండంగనే బజర్ మోగింది. చూసినోళ్లు 'నిద్రపోతుండ్రా' అని మొత్తుకున్నరు. నిద్ర గాదు, వాళ్లకు ఆ గడియారం కొత్త.

అట్లని జట్టు తప్పేమీ లేదని అంటలేం. ఫ్రీ త్రోలు చూడండ్రి. ఆ గీత ఎప్పటి సంది అక్కడనే ఉన్నది, బోర్డు నుంచి 4.6 మీటర్లు. మన కోర్టు మీద అంతే, ఢిల్లీల అంతే. అడ్డం వచ్చేటోడు లేడు, గడియారం బెదిరించదు. అయినా మొదటి ఓటమిల మనోళ్లు పారేసుకున్న ఫ్రీ త్రోలు ఓడిన తేడా కన్న ఎక్కువ. దీనికి ఏ సర్కారును తిట్టలేం. ప్రాక్టీస్ అయిపోయినంక ఇంటికి పోయే ముందు ఒక్కొక్కడు యాభై కొట్టి పోతే తీరే ముచ్చట. రీబౌండ్ గూడ అంతే. షాట్ పోంగనే అందరు బంతిని చూస్తున్నరు, పక్కనోన్ని వీపుతోని ఆపేటోడు లేడు. సెంటర్ ఒక్కడు ఎగిరితే సరిపోదు. రెండో ఆట సగం నుంచి జోన్ డిఫెన్స్ కట్టిండ్రు గని మూలలు వదిలేసిండ్రు, ఎదుటోడు మూలల నిలవడి మూడుమూడు కొట్టిపోయిండు. గివి జట్టు దిద్దుకోవాల్సిన తప్పులు. మొఖం మీదనే చెప్పినం, ఇక్కడ గూడ చెప్తున్నం.

మూడో నేరం మీద మాకు కోపం ఎక్కువ. గార్డ్‌ను తీసేయాలంటున్నరు. ఆ పిలగాడు బోధన్ అవతలి పల్లె నుంచి వస్తడు. బోధన్ నుంచి నిజామాబాద్‌కే పాతిక కిలోమీటర్ల పైచిలుకు, దానికి ముంగట పల్లె నుంచి బోధన్ దాక ఇంకో బస్సు. సాయంత్రం ప్రాక్టీస్ వేడెక్కే యాల్లకు ఆయన సంచి సర్దుకోవాలె, లేకుంటే పల్లె బస్సు దొరకదు. 'సగం ప్రాక్టీస్‌కే పోతడు, సోకులోడు' అని ఒక పెద్దమనిషి అన్నడు. ఆ పెద్దమనిషి ఇల్లు కోర్టుకు రెండు గల్లీల దూరం.

బోధన్ పిలగాడు టౌన్‌కు ఎందుకు రావాల్సి వచ్చిందో గూడ మాట్లాడుకుందం. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937ల పుట్టింది. శక్కర్‌నగర్ అంటే ఉత్త మిల్లు గాదు. కాలనీ, బడి, దవాఖాన, క్లబ్బు, ఆడుకోను మైదానం, సైరన్ మోగితే వాచీలు సరిచేసుకునే ఊరు. షిఫ్ట్ దిగిన కార్మికుడు ఆట చూసేటోడు, కార్మికుని కొడుకు ఆట ఆడేటోడు. ఆసియాలనే పెద్ద షుగర్ ఫ్యాక్టరీ అని బడి పుస్తకాలు చదివినోళ్లమే మేమందరం. 2002ల చంద్రబాబు సర్కారు 51 శాతం వాటా ప్రైవేటోళ్ల చేతుల పెట్టింది. ఉద్యమంల మనం ఎత్తిన ప్రతి జెండా కింద బోధన్ పేరున్నది. స్వరాష్ట్రం వస్తే సర్కారే నడుపుతదని సభలల్ల మాటిచ్చిండ్రు. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. మూసింది పరాయి పాలనల గాదు, మన పాలనల. తెరిపిస్తమని 2024 జనవరిల తర్వాతి సర్కారు కమిటీ వేసింది.

మిల్లు సైరన్ ఆగిపోయినప్పుడు ఆగింది గానుగ ఒక్కటే గాదు. చెరకు రైతు వేరే మిల్లుల కాడ లైను కట్టిండు, లేకుంటే చెరకు పీకి వరి వేసిండు. కార్మికుల పిల్లలు చెదిరిపోయిండ్రు, కొందరు గల్ఫ్ విమానం ఎక్కిండ్రు. సాయంత్రం పూట ఆట చూసే జనమే లేనప్పుడు ఆట ఎక్కడిది? మన గార్డ్ ఆ పల్లెలల్ల మిగిలిన పిలగాడు. నాయన ఒకప్పుడు శక్కర్‌నగర్‌కు చెరకు తోలిండు. పిలగానికి ఆట వస్తది, కన్ను వస్తది, పాస్ ఎప్పుడియ్యాల్నో తెలుసు. మూడో ఆట గెలిచింది ఆయన పాస్‌ల మీదనే. బంతి ఎక్కువ పోగొడుతున్నడన్నది నిజం. బంతి ఎక్కువసేపు ఉండేది ఆయన చేతులనే గదా, పోగొట్టేది గూడ ఆయననే. తీసేసి ఎవన్ని పెడుతరు? అడిగితే జవాబు లేదు. ప్రాక్టీస్‌ను పొద్దుగాలకు మార్చితే పోయేదానికి పిలగాన్ని మారుస్తమంటున్నరు.

ఈడ ఒక పక్క ముచ్చట. ఈ ఆటను కనిపెట్టింది ఒక వ్యాయామం సారు. 1891 డిసెంబర్‌ల, అమెరికాల స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊర్ల, చలికి బయట ఆడలేని పిలగాండ్ల కోసం జేమ్స్ నాయిస్మిత్ గోడకు పండ్ల బుట్టలు కొట్టి మొదలువెట్టిండు. తర్వాత కాన్సస్ యూనివర్సిటీల ఏండ్లకేండ్లు కోచ్‌గ ఉన్నడు. ఆయన లెక్క ఎంతో ఎరుకనా? 55 గెలుపులు, 60 ఓటములు. ఆట పుట్టించినోడే ఓడింది ఎక్కువ. మన చాయ్ హోటల్ల ఉంటే నాయిస్మిత్‌ను గూడ రెండో వారంలనే తీసేసేటోళ్లు. అసలు సంగతేందంటే, పీడీ సారు లేకుంటే ఆట లేదు. మన జట్టుకు సంవత్సరం పొడుగున చూసే సారు లేడు. టోర్నమెంటు కాయితం వచ్చినంక పది రోజుల ముంగట ఎవల్నో ఒకర్ని పట్టుకొచ్చి జట్టు కట్టిండ్రు. పది రోజులల్ల జట్టు గాదు, గుంపు తయారైతది. అయినా ఒకటి గెలిచిండ్రంటే మేమైతే ఆశ్చర్యపోతున్నం.

ఎనకట మన జిల్లా కాలేజీలు ఉస్మానియా కింద ఉండె. యూనివర్సిటీ జట్టు ఎంపికకు పట్నం పోవాలె, పట్నపోళ్ల నడుమ మన పిలగాన్ని చూసేటోడు ఎవడు అని బాధపడేది. 2006ల తెలంగాణ యూనివర్సిటీ వచ్చింది, డిచ్‌పల్లిల క్యాంపస్ అయింది. పేరు మనది, జాగ మనది. 610 జీవో అమలు కోసం జెండాలు పట్టినప్పుడు, సకల జనుల సమ్మెల 42 రోజులు జీతాలు వదులుకున్నప్పుడు, నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. పీడీ పోస్టు నియామకం గాదా? కోర్టు మీద గీత గీసే రంగు డబ్బా నిధి గాదా? అప్పుడు తిట్టుకోను వలసపాలకులు ఉండె. ఇప్పుడు తిట్టాలంటే మనం ఓట్లేసి గెలిపించుకున్నోళ్లనే తిట్టాలె, దానికి నోరు లేస్తలేదు. అందుకే ఇరవై ఏండ్ల గార్డ్ మీద పడుతున్నం. సులువు గదా.

సీజన్ మొదట్ల చూసి చెప్పే తీర్పులు ఎట్ల తారుమారైతయో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసినోళ్లకు తెలుసు. ఎమ్మెస్‌కు పోయిన మన జిల్లా పిలగాండ్లు ఫోన్లు చేసి చెప్పే ముచ్చట ఇది. అక్కడ నవంబర్‌ల సీజన్ మొదలైతది, మార్చిల పెద్ద టోర్నమెంటు. కనెక్టికట్ యూనివర్సిటీ జట్టు 2022-23 సీజన్‌ల మొదటి 14 ఆటలు వరుసగ గెలిచింది. అభిమానులు ఆకాశంల తేలిండ్రు. తర్వాత ఎనిమిదింట్ల ఆరు ఓడింది. అదే అభిమానులు బొంద పెట్టిండ్రు. 2023 ఏప్రిల్‌ల ఫైనల్‌ల శాన్ డియేగో స్టేట్‌ను 76-59తోని కొట్టి కప్పు ఎత్తుకున్నది అదే జట్టు. మొదటి తీర్పు తప్పు, రెండో తీర్పు గూడ తప్పు.

అంత దూరం ఎందుకు, మన నిఖత్ జరీన్‌ను చూడండ్రి. 2011ల జూనియర్ ప్రపంచ చాంపియన్. 2017ల భుజం గాయం. 2019 డిసెంబర్ ట్రయల్స్‌ల మేరీ కోమ్ చేతుల 9-1తోని ఓడినప్పుడు ఈ ఊర్లనే 'అయిపోయింది' అన్నోళ్లున్నరు. 2022 మేల ఇస్తాంబుల్‌ల ప్రపంచ బంగారం, 2023ల ఢిల్లీల మళ్ల బంగారం. 2024 పారిస్‌ల ఉత్త చేతులతోని వచ్చినప్పుడు మళ్ల అదే మాట. 2025 నవంబర్‌ల ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌ల మళ్ల బంగారం. ఆమె ఆట మొదలయింది ఈ టౌన్‌ల, కోచ్ శంసముద్దీన్ దగ్గర. ఆ సారు కొడుకు హుసాముద్దీన్ 2018ల, 2022ల రెండు కామన్వెల్త్ పతకాలు తెచ్చిండు. ఒక్క సారు ఏండ్ల తరబడి ఒక్క తావున నిలవడి నేర్పితే ఏమైతదో మన కండ్ల ముందటనే ఉన్నది. మన జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య 2025ల ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టుల ఆడింది.

నిఖత్, సౌమ్య, ఎవరెస్ట్ ఎక్కిన పాకాల మాలావత్ పూర్ణ, దేశానికి మన జిల్లా పేరు తెలిసింది ఆడపిల్లలతోటి. అయినా పది రోజుల సంది నడుస్తున్న ఈ పంచాయితిల ఆడపిల్లల జట్టు ముచ్చట ఒక్కరు ఎత్తలేదు. వాళ్లు గూడ అదే కోర్టు మీద ఆడుతున్నరు, అదే పాత గీత మీద. మగపిలగాండ్లు కోర్టు ఖాళీ చేసినంక మిగిలిన అరగంటల. వాళ్ల ఆటకు గోడ మీద జనం ఉండరు, మేం గూడ ఉండలే.

మా లెక్క ఇది. గార్డ్ ఉండాలె. ప్రాక్టీస్ పొద్దుగాలకు మారాలె, ఆడ జట్టుకు ఒక పూర్తి గంట వేరుగ ఉండాలె. ఫ్రీ త్రోల మీద జట్టు సిగ్గుపడాలె. పీడీ పోస్టు నింపాలని కాలేజీకి, యూనివర్సిటీకి దరఖాస్తు రాసినం. సంతకాలు కావాలె, అది గోడ కాడనే ఉంటది. 24 సెకన్ల గడియారం కొనేదాక, సెల్‌ఫోన్‌ల టైమర్ పెట్టి గట్టిగ కేకేసే మనిషి ఒకడు రోజూ కావాలె. రిటైరైన ఎంప్లాయీసు ఎవలన్న ముందుకు రాండ్రి.

గీత సంగతి సర్కారు దాక అక్కర్లేదు. కాలేజీల అడిగినం, సరేనన్నరు. ఆదివారం పొద్దుగాల ఏడింటికి టేపు, సుద్ద, రంగు డబ్బా పట్టుకొని కోర్టు కాడికి వస్తున్నం. రింగు నడిమి నుంచి 6.75, మూలల కాడ పక్క గీతకు 90 సెంటీమీటర్లు లోపలికి. గార్డ్‌ను తీసేయాలన్నోళ్లు గూడ రాండ్రి. బ్రష్షులు రెండే ఉన్నయ్, ఇంటి నుంచి ఒకటి తెచ్చుకోండ్రి.