పాపం సర్వో!

ఏదైనా చెడిపోతే మనం మొట్టమొదట చేసే పనేంటి? బాగుచెయ్యడం అనుకుంటున్నారా? కాదండీ, ఎవర్ని తిట్టాలో వెతుక్కోవడం. మనిషి దొరికితే మనిషిని, దొరక్కపోతే వస్తువుని. ఈ జబ్బు నాకూ ఉంది. అందుకే దీన్ని తిట్టే అర్హత కూడా ఉందనుకుంటున్నాను.

అమెరికా వచ్చిన రెండో చలికాలంలో ఏమీ తోచక మా ఊరి మోడల్ రైల్వే క్లబ్బులో చేరాను. "ఈ వయసులో బొమ్మ రైళ్ళేంట్రా" అని ఫ్రెండ్సు నవ్వారు. నవ్వండి. మనం గొప్పగా చెప్పుకునే 'హ్యాక్' అన్న మాట ఎక్కడిదో తెలుసా? ఎంఐటీలోని టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ వాళ్ళు 1959లో తమ పరిభాషకి రాసుకున్న చిన్న నిఘంటువులో ఉంది. అక్కడ కొందరు బల్ల మీద కొండలూ ఇళ్ళూ కడుతుంటే, ఇంకో జట్టు బల్ల కింద దూరి రిలేలతో, వైర్లతో కుస్తీ పట్టేది. ఆ రెండో రకం వాళ్ళ వారసులమే మనం.

సరే, అసలు సంగతికొస్తా. మా లేఅవుట్‌లో రైలుని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్ళించే పాయింట్లనీ, పైకీ కిందకీ ఊగే చెయ్యి సిగ్నళ్ళనీ కదిపేవి సర్వోలు. ఒక్కోటి తొమ్మిది గ్రాములు. మూడే వైర్లు: కరెంటు, గ్రౌండు, సిగ్నలు. కంట్రోలరు 20 మిల్లీసెకన్లకొకసారి ఒక పల్సు పంపుతుంది. పల్సు ఒకటిన్నర మిల్లీసెకను ఉంటే సర్వో మధ్యలో నిలబడుతుంది, ఒకటికి తగ్గితే ఒక పక్కకి, రెండుకి పెరిగితే ఇంకో పక్కకి తిరుగుతుంది. అంతకుమించి దానికి తెలివితేటలేం లేవు. చెప్పింది విని చేస్తుంది.

పోయిన శీతాకాలం జనాన్ని పిలిచి ప్రదర్శన పెట్టాం. మూడు రైళ్ళు తిరుగుతుండగా సిగ్నలు చెయ్యి పూనకం వచ్చినట్టు ఊగడం మొదలెట్టింది. ఆ వెంటనే ఒక పాయింటు రైలు మీదుండగానే కదిలి నాలుగు పెట్టెలు పట్టాలు తప్పాయి. చూడ్డానికొచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు. మాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

వెంటనే పంచాయితీ. ఆ వైర్లు సోల్డరింగ్ చేసింది తొమ్మిదో తరగతి కుర్రాడు. "వాడి చేతిపనే" అన్నారొకరు. "చవకరకం సర్వోలు, పీకేసి పాతకాలం మోటార్లు పెడదాం" అన్నారింకొకరు. నేను ఈ రెండిటికీ తలూపి, ఇంజనీర్ని కదా, ఆరు కొత్త సర్వోలు తెచ్చి బిగించాను. రాత్రి ఒంటరిగా పరీక్షిస్తే అన్నీ బుద్ధిగా పనిచేశాయి. విజయగర్వంతో ఇంటికెళ్ళాను. మర్నాడు రైళ్ళు నడపగానే మళ్ళీ అదే పూనకం! ఆ కుర్రాడు మాత్రం ఆ వారం నుంచి క్లబ్బుకి రావడం మానేశాడు.

అప్పుడు సిగ్గేసి, మొదటే చెయ్యాల్సిన పని చేశాను. కాగితం తీసుకుని ఏం జరుగుతోందో, ఎప్పుడు జరుగుతోందో రాసుకున్నాను. రైళ్ళు ఆగి ఉంటే జబ్బు లేదు. రైళ్ళు పెరిగేకొద్దీ పెరుగుతోంది. ఒక సర్వోని కంట్రోలరు పక్కనే జానెడు వైరుతో పెడితే నిశ్శబ్దం. దానికే మూడు మీటర్ల పాత వైరు తగిలించి నేల మీద దూరంగా పరిస్తే నిశ్శబ్దం. అదే వైరుని తిరిగి బల్ల కింది కట్టలో పెడితే పూనకం. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, అంతే.

ఆ కట్టలో ఏముందో తెలుసా? పట్టాలకి కరెంటు మోసే మెయిన్ వైరు. మాది డీసీసీ పద్ధతి, అంటే అందులో పోయేది నికరమైన డీసీ కాదు, సెకనుకి వేలసార్లు అటూ ఇటూ మారే కరెంటు. రైళ్ళు పెరిగితే ఆ కరెంటు పెరుగుతుంది, పక్కనే ఆనుకుని ఉన్న సన్నటి సిగ్నలు వైరులోకి దాని రొద దూరుతుంది. ఆ రొదనే ఆజ్ఞ అనుకుని సర్వో ఊగుతుంది. ఆ రెండిటినీ కలిపి ముచ్చటగా ప్లాస్టిక్ పట్టీలేసి బిగించిందెవరు? కుర్రాడు కాదు. ప్రదర్శనకి నీటుగా ఉండాలని మా పెద్దమనుషులే. అందులో నా రెండు చేతులూ ఉన్నాయి.

పట్టీలు కోసేశాం. వైర్లు విడదీశాం, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం, కంట్రోలర్ని సర్వోల దగ్గరికి జరిపాం. ఖర్చు సున్నా. నేను పీకేసిన ఆరు సర్వోలనీ పరీక్షిస్తే ఆరూ బంగారంలా ఉన్నాయి.

"అయితే సర్వోలు చెడిపోనే చెడిపోవా?" అంటారు. చెడిపోతాయి. ప్లాస్టిక్ పళ్ళు అరుగుతాయి, లోపలి పొటెన్షియోమీటరు పాడవుతుంది. కాదనను. కానీ ఇవి చూడండి. స్విచ్ వెయ్యగానే ఒక్కసారి ఎగిరిపడుతోందా? కంట్రోలరు నిద్రలేచేలోపు సిగ్నలు వైరు గాల్లో వేలాడుతోందేమో చూడండి. ఆగిన చోటే గుయ్యిమంటోందా? పట్టా ఆగిపోయాక కూడా ఇంకా నెట్టమని మీరే చెబుతున్నారేమో, తిప్పే దూరం తగ్గించండి. ఆర్డునో ఊనోలో సర్వో లైబ్రరీ పెట్టగానే 9, 10 పిన్నుల మీది ఎల్‌ఈడీ మెల్లగా వెలగడం మానేసిందా? ఆ టైమర్ని లైబ్రరీ తీసేసుకుంది. తప్పు దారిలో ఉన్న పాయింటు మీదకి ఇంజనెక్కి షార్టయితే, ఆ పాయింటుని మార్చే కరెంటు కూడా అదే పట్టాల్నుంచి వస్తుంటే, ఇక కదలదు. దాన్ని కదిపితేగానీ షార్టు పోదు, షార్టు పోతేగానీ అది కదలదు. మన భాషలో డెడ్‌లాకు! వీటిల్లో ఒక్కటైనా సర్వో మారిస్తే పోతుందా?

ఆఫీసుల్లో మనం చేసేదీ ఇదే. రాత్రి రెండింటికి సర్వరు పడిపోతుంది, రీస్టార్ట్ చేస్తాం, లేస్తుంది, టికెట్టు మూసేస్తాం. ఎందుకు పడిందో ఎవరికీ అక్కర్లేదు. మూడోసారి పడినప్పుడు మాత్రం టీములో కొత్తగా చేరిన పిల్లాడి కోడు మీద పడతాం. మార్చి చూడటం తప్పని నేననను. కానీ ఎందుకు మారుస్తున్నామో చెప్పలేకపోతే అది మరమ్మత్తు కాదు, దిష్టి తియ్యడం.

ఆ కుర్రాడి ఇంటికెళ్ళి పిలిచాను. తర్వాతి శనివారం వచ్చాడు. ఎవరి ముందు వాడి చేతిపని అన్నామో వాళ్ళందరి ముందే "తప్పు నీది కాదు, మాది" అని చెప్పాను. వాడు పెద్దగా ఏమీ అనలేదు. నేరుగా బల్ల కిందకి దూరి, "ఈ కట్ట నేను చూసినప్పుడే అనుకున్నా" అన్నాడు. "మరి చెప్పలేదేం?" అంటే, "ఎవరూ అడగలేదుగా" అన్నాడు.

మీ ఆఫీసులోనూ అలాంటి కుర్రాడు ఒకడుంటాడు. ఈసారి ఏదైనా పడిపోతే, తిట్టేముందు ఒక్కసారి వాణ్ణి అడగండి.