మేడకు ముందు పిట్టగోడ



కోతలయ్యి చేతిలో నాలుగు రూపాయలు ఆడితే మనకు ఇంటి మాటే. కొడుక్కి పెళ్ళి కుదిరింది, పాత డాబా చాలదు, పక్క ఖాళీ స్థలంలో కింద రెండు గదులు, పైన రెండు గదులు కలుపుదాం అనుకుంటాం. మంచిదే. లూకా 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పినట్టు కూర్చొని ఖర్చు లెక్క కూడా చూసుకుంటాం.

అయితే ఆ లెక్కలో ఏం రాస్తున్నాం? ఎలివేషను, గ్రానైటు, ఫాల్స్ సీలింగు. పిట్టగోడా మెట్లకు రెయిలింగూ మాత్రం "తర్వాత చూద్దాం"లోకి పోతాయి. శ్లాబు ఆరిందో లేదో పైన కాపురం పెడతాం. మిరపకాయలు అక్కడే ఆరబోస్తాం, ఎండాకాలం పసిపిల్లలను అక్కడే పడుకోబెడతాం, సంక్రాంతికి గాలిపటాలూ అక్కడినుండే.

ద్వితీయోపదేశకాండము 22:8 కొత్త ఇల్లు కట్టేవాడిని పిట్టగోడ కట్టించమంటుంది. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిదే అంటుంది. పడినవాడి అజాగ్రత్త అని తప్పించుకోనివ్వదు. మన దేశపు భవన నిర్మాణ నియమావళి కూడా కనీసం 1 మీటరు ఎత్తు అడుగుతుంది. మోకాలెత్తు ఇటుకలు పేర్చి గోడ అనకూడదు.

డబ్బు చాలకపోతే గ్రానైటు ఆపుదాం, పై అంతస్తే ఒక ఏడాది ఆపుదాం. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది గనుక పాత గోడకు కొత్తది కలిపేముందు ఇంజనీరుకు చూపిద్దాం. మేస్త్రితో మాట్లాడుకున్న రోజే పిట్టగోడ, రెయిలింగు కాగితం మీద రాయించుకుందాం.