పునాది వేయకుండా ప్రపంచ కప్ రాదు

పురుషుల హాకీ ప్రపంచ కప్‌కు 2026 ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియం ఆతిథ్యమిస్తున్నాయి. 2025లో రాజ్‌గిర్‌లో ఆసియా కప్ ఫైనల్లో దక్షిణ కొరియాను 4-1తో ఓడించి భారత్ ఇందులో చోటు సంపాదించింది. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో వరసగా కాంస్యాలు నెగ్గిన జట్టు మీద దేశం ఆశలు పెట్టుకోవడం సహజం. కానీ ప్రపంచ కప్‌లో మనకు చివరి పతకం వచ్చింది 1975లో. ఓడినప్పుడల్లా కోచ్‌ను మార్చి చేతులు దులుపుకుంటే ఈ కరవు తీరదు. లోపం పునాదిలో ఉంది. సరిదిద్దాల్సింది కూడా అక్కడే.

తొలి మూడు ప్రపంచ కప్‌లలోనూ మనం పతకంతోనే తిరిగొచ్చాం. 1971లో కాంస్యం, 1973లో ఆమ్‌స్టెల్వీన్‌లో రజతం, 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి స్వర్ణం. ఆ మరుసటి ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆట పచ్చిక మీద నుంచి కృత్రిమ టర్ఫ్ మీదకు మారింది. మనం ఏడో స్థానానికి పడిపోయాం. టర్ఫ్ మీద బంతి వేగం వేరు, దాన్ని ఆపే తీరు వేరు, పరుగు వేరు. యూరప్ దేశాలు క్లబ్బు క్లబ్బునా టర్ఫ్ వేసుకున్నాయి. మన పిల్లలు మట్టి మైదానాల్లో ఆట నేర్చుకుని, అలవాట్లన్నీ స్థిరపడ్డాక టర్ఫ్ మీద కాలు పెడుతున్నారు.

2023 ప్రపంచ కప్‌లో సొంతగడ్డ మీద ఏం జరిగిందో మరవకూడదు. ఒడిశాలోని రూర్కెలాలో బిర్సా ముండా పేరుతో ఇరవై వేల మంది పట్టే స్టేడియం కట్టాం. తీరా క్రాసోవర్ మ్యాచ్‌లో న్యూజిలాండ్‌పై 3-1 ఆధిక్యం చేజార్చుకుని, షూటౌట్‌లో ఓడి, తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్నాం. కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా చేశారు. స్టేడియం ఎంత గొప్పదైనా ఆటగాళ్లను తయారు చేయలేదని ఆ ఫలితం తేల్చి చెప్పింది.

ఆటగాళ్లు ఎక్కడ తయారవుతారో అదే ఒడిశా చూపిస్తోంది. 2018 నుంచి జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలిచిన ఆ రాష్ట్రం, దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ వంటివారిని ఇచ్చిన సుందర్‌గఢ్ జిల్లాలో బ్లాకు స్థాయిలోనే టర్ఫ్‌లు వేసే పనికి పూనుకుంది. పాన్‌పోష్ క్రీడా వసతిగృహంలో ఆదివాసీ పిల్లలకు చదువు, తిండి, శిక్షణ ఒకేచోట అందుతున్నాయి. అనుకరించదగిన నమూనా అదే.

మరి మన తెలుగు రాష్ట్రాల సంగతి? మూడు ఒలింపిక్స్‌లు ఆడిన ముకేశ్ కుమార్ మన హైదరాబాదీ. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల్లో భారత్ పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది హైదరాబాద్‌లోనే. 2005లో తొలి ప్రీమియర్ హాకీ లీగ్ కూడా ఇక్కడే జరిగింది, హైదరాబాద్ సుల్తాన్స్ విజేతగా నిలిచింది. అయినా 2023 ప్రపంచ కప్ జట్టులో గాని, పారిస్ జట్టులో గాని తెలుగు రాష్ట్రాల ఆటగాడు ఒక్కడూ లేడు. టోర్నీలు నిర్వహించి మురిసిపోయాం, పిల్లల చేతికి స్టిక్ ఇవ్వడం మరిచాం.

ఈ నిర్లక్ష్యానికి ఇక తెరపడాలి. రెండు ప్రభుత్వాలూ ప్రతి ఉమ్మడి జిల్లాకు కనీసం ఒక టర్ఫ్, దానికి అనుబంధంగా క్రీడా వసతిగృహం మంజూరు చేయాలి. టర్ఫ్ వేయడంతో పని అయిపోదు. దాన్ని తడపడానికి నీరు, నిర్వహణకు ఏటా నిధులు బడ్జెట్‌లోనే చూపాలి. గురుకులాల్లో హాకీ కోచ్‌లను శాశ్వత పోస్టుల్లో నియమించాలి. హాకీ ఇండియా కూడా పదేళ్ల పిల్లవాడికి టర్ఫ్ అందుబాటులోకి తేవడమే తన మొదటి బాధ్యతగా స్వీకరించాలి.

2026 ప్రపంచ కప్‌లో భారత జట్టు గెలిస్తే దేశంతో పాటు మనమూ పండగ చేసుకుందాం. గెలిచినా ఓడినా, ఆ మర్నాడు పాలకులను అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒక్కటే: మా జిల్లాలో టర్ఫ్ ఎప్పుడు వేస్తారు?