రెండు భాషల పాటకు మన వేదిక మీద చోటు లేదా?



పోయిన మే డే సభలో జరిగిన ఒక విషయం గురించి నాలుగు మాటలు రాయవలసి వుంది. సభ బాగా జరిగిందని కిందటి సంచికలో రాశాం. ఒక సంగతి మాత్రం రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు.

సభకు వారం ముందు మన షెడ్డులో పనిచేసే ముగ్గురు కుర్రాళ్లు కమిటీ దగ్గరికి వచ్చారు. ముగ్గురూ సిరొంచ వైపు వాళ్లే. ఒక గిటారు, అద్దెకు తెచ్చిన డ్రమ్ము సెట్టు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక డప్పు. "కాకా, మాకు రెండు పాటలకు టైం ఇయ్యండి" అన్నారు. పాడి వినిపించమన్నాం. ఒక చరణం తెలుగు, ఒక చరణం మరాఠీ, మధ్యలో అరుపులు. కమిటీలో నవ్వు మొదలైంది. "పాడితే తెలుగులో పాడండి, లేదంటే మరాఠీలో పాడండి, ఈ కిచిడీ ఏమిటి? మన సభకు ఒక గౌరవం వుంది" అని పంపేశాం. మే ఒకటి మనకు కార్మిక దినం, ఈ రాష్ట్రానికి 1960 నుంచి అవతరణ దినం కూడా. ఆ రోజు మరాఠీ సోదరుల ముందు అటూ ఇటూ కాని పాట ఎందుకన్నది మా భయం. వాళ్లను పంపేసిన వారిలో మేమే ముందున్నాం.

తర్వాత ఒక రోజు రెండో షిఫ్టు దిగి చాయ్ దగ్గర నిలబడితే, వారిలో ఒకడు ఫోనులో ఒక పాట పెట్టి మా చెవి దగ్గర వుంచాడు. కోపంతో కాదు, మర్యాదగానే. "ఇది కూడా కిచిడీనే కాకా, వినండి" అన్నాడు. భాష తెలియలేదు గాని కాలు మాత్రం కదిలింది. ఎవరు వీళ్లని అడిగాం. అప్పటి నుంచి ఆ సంగతి కొంత చదివాం, కొంత వాళ్ల దగ్గరే తెలుసుకున్నాం. అది మీకూ చెప్పాలి.

స్పెయిన్ దేశానికి ఉత్తరపు కొసన బిదసోవా అనే నది వుంది. నదికి ఇవతల ఇరూన్ అనే పట్నం, అవతల ఫ్రాన్సు. రెండు ఒడ్డుల మీదా బాస్క్ ప్రజలు వున్నారు. వారి భాష స్పానిషూ కాదు, ఫ్రెంచీ కాదు. ఇరూన్ రైల్వే, కస్టమ్స్ పట్నం. స్పెయిన్ రైలు పట్టాల వెడల్పు వేరు, ఫ్రాన్సు పట్టాల వెడల్పు వేరు. బండి నేరుగా దాటలేదు గనక సరుకు దించాలి, మళ్లీ ఎక్కించాలి. ఆ దించి ఎక్కించే చేతుల మీద బతికిన వూరు అది.

1939 నుంచి 1975లో చచ్చేదాకా ఫ్రాంకో అనే నియంత ఆ దేశాన్ని ఏలాడు. బడిలో, ఆఫీసులో స్పానిష్ తప్ప వేరే భాష లేకుండా చేశాడు. బాస్క్ భాష ఇంటి గోడల మధ్యకు పోయింది. చాలా ఇళ్లలో అదీ పోయింది. 1979లో బాస్క్‌కు కూడా అధికార భాష హోదా వచ్చింది గాని, అప్పటికే ఒక తరం పిల్లలు తాతల మాట అర్థం కాకుండా పెరిగారు. అదే సమయంలో కారఖానాల మీద వేటు పడింది. పరిశ్రమల పునర్వ్యవస్థీకరణ అని పేరు పెట్టి వుక్కు కొలుములు, ఓడల యార్డులు మూశారు. 1984లో బిల్బావో నగరంలో యూస్కల్దునా ఓడల యార్డు కార్మికులు మూతకు వ్యతిరేకంగా వీధుల్లో నిలబడి పోరాడారు. పేరు మారుస్తారు గాని పని ఒకటే. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె ఏ దారి పట్టిందో ఎరిగిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆ 1984లోనే ఇరూన్‌లో ముగ్గురు కుర్రాళ్లు కొర్తాతూ అనే బ్యాండు పెట్టారు. ఫెర్మిన్ ముగురూసా, అతని తమ్ముడు ఇనిగో, డ్రమ్ముల మీద త్రేకు అర్మెందారిస్. వాళ్లు పట్టుకున్న సంగీతం పేరు స్కా, పంక్. రెండూ కూలివాళ్ల పేటల నుంచి వచ్చినవే. స్కా జమైకా దీవిలో, కింగ్‌స్టన్ పేదల వాడల్లో పుట్టింది. ఆ దీవి నుంచి కూలికి బ్రిటన్ వెళ్లినవారితో పాటు అక్కడికి చేరింది. 1979లో కోవెంట్రీ అనే కార్ల కారఖానాల పట్నంలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఒకే బ్యాండులో నిలబడి పాడారు. ఆ బ్యాండు పేరు స్పెషల్స్. వారి కంపెనీ గుర్తే నలుపు తెలుపు గళ్లు. 1981లో నిరుద్యోగం మీద వాళ్లు పాడిన పాట ఆ దేశంలో మొదటి స్థానానికి వెళ్లింది. పంక్ అంటే నేర్చుకునే తీరిక, డబ్బు లేనివాళ్ల సంగీతం. మూడు మెట్లు వస్తే చాలు, పాడవచ్చు.

స్కా తాళం మన సాంచాల వారికి సులభంగా అర్థమవుతుంది. కాలు పడే చోట గిటారు మోగదు, రెండు అడుగుల మధ్య ఖాళీలో మోగుతుంది. పాత నాడె సాంచా దగ్గర నిలబడ్డవారు గుర్తు చేసుకోండి. నాడెను ఇటు నుంచి కొట్టిన దెబ్బకూ అటు నుంచి కొట్టిన దెబ్బకూ మధ్య ఒక ఊపు వుంటుంది చూడండి, అదే.

కొర్తాతూ 1985లో తెచ్చిన మొదటి పెద్ద రికార్డులో ఎక్కువ పాటలు స్పానిష్‌లోనే వున్నాయి. కాని అందరి నోటా ఆడిన పాట, సర్రి సర్రి, బాస్క్‌లో వుంది. దాని బాణీ జమైకా వారిది, టూట్స్ అండ్ ది మేటల్స్ పాట నుంచి తీసుకున్నది. మాటేమో తమ తాతలది. ఫెర్మిన్‌కు బాస్క్ వుగ్గుపాలతో వచ్చింది కాదు, పెద్దయ్యాక కూర్చుని నేర్చుకున్నాడు. అది చదివినప్పుడు మాకు నిజంగా సిగ్గేసింది. పోయిన భాషను వెతికి తెచ్చుకుని పాడినవాడు అతను. వున్న భాషలో పాడతామన్న పిల్లలను వెళ్లిపొమ్మన్నవాళ్లం మేము.

ఆ పాట సంగతిలో ఒక మాట దాచకూడదు. అది 1985లో జైలు నుంచి, స్పీకరు పెట్టెలో దాక్కుని పారిపోయిన ఒక కవి గురించినది. అతను సాయుధ సంస్థకు చెందినవాడు. ఆ తప్పించుకోవడాన్ని పండుగ చేసిన పాట మా యూనియన్ వేదిక మీద మేము పాడనివ్వం. గడ్చిరోలి జిల్లాలో పుట్టినవాళ్లం, తుపాకి ఎటు నుంచి పేలినా మధ్యలో పడింది కూలి మనిషేనని చూసినవాళ్లం. బ్యాండు మంచిదన్నామని దాని ప్రతి పాటకూ మేము జవాబుదారీ కాదు.

ఇప్పుడు మన సంగతి. సిరొంచ ఎక్కడుందో మన మరాఠీ సోదరుల్లో చాలామందికి తెలియదు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, మహారాష్ట్ర ఆగ్నేయపు మూల. అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో మాడియా గోండు కూడా. మేము చదివిన బడిలో (పేరు అక్కర్లేదు) లెక్కకు జవాబు తెలుగులో చెప్పినందుకు బెంచీ ఎక్కించారు. సరే, నది దాటి కాళేశ్వరం జాతరకు పోతే అక్కడి పిల్లలు "మీ తెలుగులో మరాఠీ వాసనొస్తది" అని నవ్వారు. ఇటు వాళ్లకు అటు వాళ్లం, అటు వాళ్లకు ఇటు వాళ్లం. ఆ కుర్రాళ్ల పాట సరిగ్గా ఇదే. మేము కిచిడీ అన్నది వాళ్లు రోజూ మాట్లాడే మాట. "కాకా" అని మమ్మల్ని పిలిచారు, అది తెలుగో మరాఠీయో ఎవరు చెప్పగలరు?

ఇది పాటతో ఆగే విషయమైతే ఇంత రాసేవాళ్లం కాదు. మేము ముందు పనిచేసిన ఒక మిల్లులో రింగ్ ఫ్రేము మీద డాఫింగ్ చేసే మన వాడొకడు బకాయి జీతం కాగితం అనుకుని మరాఠీలో వున్న స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. అడగడానికి సిగ్గుపడ్డాడు. పక్కన నిలబడ్డ మరాఠీ కార్మికుడు చదివి చెప్పేవాడే, కాని అతన్ని అడిగేటంత చనువు వీడికి లేదు. ఆ చనువు నోటీసుతో రాదు. ఒకరి పాట ఒకరు పాడుకున్నప్పుడు వస్తుంది.

"ఇది కార్మికుల కళ కాదు, గోల" అన్న పెద్దలకు ఒక మాట. 1943 నుంచి ప్రజానాట్యమండలి బుర్రకథను తీసుకుని నాజర్ గారి వంటి కళాకారుల గొంతుతో వూరూరా కష్టజీవుల కథ చెప్పించింది. 1944లో బొంబాయిలో అణ్ణాభావు సాఠే, అమర్ షేక్, గవాణ్కర్ కలిసి లాల్ బావటా కళాపథకం పెట్టి తమాషా ఆటను కార్మికుల ఆటగా మార్చారు. సాఠే స్వయంగా మిల్లులో పనిచేసినవాడు. తమాషా అంటే ఆనాటి పెద్దమనుషులు ముక్కు మూసుకునేవారు. ఇవాళ మనం వాళ్ల పేర్లు చెప్పి దండలు వేస్తున్నాం. గిటారు దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్కు మనకే వచ్చింది.

ఇంకొకటి. 1988లో కొర్తాతూ చివరి స్టూడియో రికార్డు, కొల్పెస్ కొల్పె, పూర్తిగా బాస్క్‌లో తెచ్చింది. ఆ యేడే బ్యాండు ముగిసింది. అన్నదమ్ములు తర్వాత నేగు గొర్రియాక్ అనే బ్యాండులో బాస్క్‌లోనే పాడారు, భాష తెలియని దేశాల్లోనూ జనం విన్నారు. ఇది చూసి మన కుర్రాళ్లలో ఒకడు "మనమూ మరాఠీ వదిలేద్దాం" అంటున్నాడట. దానికి మేము ఒప్పుకోం. వాళ్ల భాష ప్రాణం మీదికి వచ్చింది. మన తెలుగుకు నది అవతల రెండు రాష్ట్రాలున్నాయి. (ఆ మాట అనే హక్కు ఎవరికైనా వుంటే మాడియా మాట్లాడేవారికి వుంది. వారి పాట ఇంతవరకు ఏ యూనియన్ వేదిక మీదా మేము వినలేదు.) పక్క సాంచా మీద నిలబడ్డవాడు మరాఠీవాడైనప్పుడు పాటలో సగం అతనికి అందాలి.

కనుక వచ్చే జనరల్ బాడీ ముందు మేము రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, ఆ ముగ్గురికీ సభ మధ్యలో ఇరవై నిమిషాలు, చివర్లో జనం లేచి పోయేటప్పుడు కాదు. రెండు, యూనియన్ నోటీసులన్నీ ఇకమీదట ఒకే కాగితం మీద రెండు భాషల్లో. అభ్యంతరం వున్నవారు సభలోనే లేచి చెప్పండి, చాయ్ దగ్గర కాదు.

అంతవరకు వాళ్లు సాధన చేసుకోవడానికి యూనియన్ ఆఫీసు వెనక గది ఇచ్చాం, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా. చప్పుడు ఎక్కువైందని పక్కింటి వారు ఇప్పటికే ఒకసారి వచ్చారు. తలుపులకు పాత గోనె సంచులు కట్టించాం. ఇంకా నాలుగైదు సంచులు కావాలి, ఎవరి దగ్గరైనా వుంటే ఆఫీసులో ఇవ్వగలరు.